ఏకగ్రీవం అనే మాటను ఒక్కసారే కొట్టేశాను

ముప్పై రెండేళ్ల మునిసిపల్ ఉద్యోగంలో అన్నిటికన్నా ఎక్కువసార్లు రాసిన మాట ఏదని ఎవరైనా అడిగితే నేను తడుముకోను. ‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.’ కౌన్సిల్ సెక్షన్‌లో జూనియర్ అసిస్టెంటుగా చేరినప్పటి నుంచి మేనేజరుగా రిటైరయ్యే దాకా కోస్తాలో నాలుగు ఊళ్లు తిరిగాను. చైర్మన్లు మారారు, జెండాలు మారాయి, కార్బన్ కాగితాలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. ఆ వాక్యం మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు నన్ను సస్పెండ్ చేసేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. చాలా నెలల్లో ఆ వాక్యాన్ని మేం సమావేశానికి ముందురోజు సాయంత్రమే టైపు చేసి పెట్టుకునేవాళ్లం. సభ్యులు వచ్చి, కూర్చుని, మిర్చి బజ్జీ తిని, టీ తాగి వెళ్లేవాళ్లు. తీర్మానం అప్పటికే పుట్టి ఉండేది.

కౌన్సిల్ సమావేశం ఎలా జరుగుతుందో బయటివాళ్లకు పెద్దగా తెలియదు. అటెండరు సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి ఎజెండా ఇచ్చి, పుస్తకంలో సంతకం పెట్టించుకొస్తాడు. అరవై డెబ్బై అంశాలుంటాయి. భాష మాది, అంటే ఆఫీసు భాష. ‘ఏఈ గారి రిపోర్టు, డీఈ గారి రిమార్కులు, చైర్మన్ గారి ముందస్తు అనుమతి, కౌన్సిల్ వారి ర్యాటిఫికేషన్ నిమిత్తం’ అంటూ ఒక్కో అంశం ఆరు వరుసలు నడుస్తుంది, క్రియాపదం ఎక్కడా తగలదు. పదో తరగతి చదివి, కిరాణా కొట్టు నడుపుకునే కౌన్సిలరుకు అందులో ఏం అర్థమవుతుంది? అర్థం కాకూడదనే అలా రాసేవాళ్లమా అంటే, మొదట్లో అలవాటు కొద్దీ రాశాం, తర్వాత తెలిసే రాశాం. ఇవి చాలవన్నట్టు సమావేశం రోజు ఉదయం ఇంకో నాలుగు కాగితాలు బల్ల మీదికి వచ్చేవి. టేబుల్ ఎజెండా. ఊళ్లో అసలు కథలన్నీ ఆ నాలుగు కాగితాల్లోనే ఉండేవి.

‘ముందస్తు అనుమతి’ గురించి ఒక మాట చెప్పాలి. పైపు పగిలితే, వరదొస్తే, అంటువ్యాధి ప్రబలితే కౌన్సిల్ కూర్చునే దాకా ఆగలేం. అందుకని చైర్మన్ అత్యవసరంగా అనుమతి ఇచ్చి, తర్వాత కౌన్సిల్‌కు నివేదించవచ్చని చట్టం వీలు కల్పించింది. సరైన వీలే. కానీ నేను పనిచేసిన చోట్ల ఆఫీసు గదికి కర్టెన్లు కొనడం కూడా అత్యవసరమే అయింది. టెండరు పిలవాల్సిన పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ నామినేషన్ మీద ఇచ్చి, అన్నిటికీ ముందస్తు అనుమతి రాయించి, మూడు నెలల తర్వాత కౌన్సిల్ ముందు పెడితే సభ్యులు ఆమోదించేదేముంది? కాలువ కట్టేశారు, బిల్లు ఇచ్చేశారు, కొన్నిచోట్ల కాలువ కూలిపోవడం కూడా అయిపోయింది.

ఇక సమావేశ మందిరంలో వినిపించే వరసలు. అధ్యక్షా అనాల్సిన చోట ‘అన్నా’ అంటారు. చైర్మన్ తిరిగి ‘తమ్ముడూ’, ‘బావా’, ‘చెల్లెమ్మా’ అంటాడు. వినడానికి ఎంతో ఆప్యాయంగా ఉంటుంది. నాకు మాత్రం ఆ పిలుపు వినగానే ఇక ఆ ప్రశ్నకు జవాబు రాదని తెలిసిపోయేది. ‘తమ్ముడూ, మన ఇంటి విషయం మనం లోపల మాట్లాడుకుందాంలే’ అన్నాక తమ్ముడు కూర్చోక ఏం చేస్తాడు? అన్నను లెక్క అడిగితే ఇల్లు చీలినట్టే కదా మనకు.

మరి చైర్మన్లను, మేయర్లను కౌన్సిలర్లు నిలదీసిన సందర్భాలే లేవా అంటే, ఉన్నాయి. పత్రికల్లో మొదటి పేజీకి ఎక్కాయి కూడా. విశాఖపట్నం సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. 98 వార్డుల మహా నగరం. 2021 మార్చిలో మేయర్ ఎన్నికయ్యారు. నాలుగేళ్లు నిండే దాకా అవిశ్వాసం పెట్టకూడదన్నది అప్పటి నిబంధన. నాలుగేళ్లు నిండాయో లేదో నోటీసు కలెక్టర్ దగ్గరికి చేరింది. ఎక్స్‌అఫీషియో సభ్యులతో కలిపి మూడింట రెండు వంతుల బలం కావాలి, అంటే 74 మంది. 2025 ఏప్రిల్ 19న సరిగ్గా 74 ఓట్లే పడ్డాయి. మేయర్ దిగిపోయారు, పది రోజులు తిరక్కుండానే కొత్త మేయర్ వచ్చారు. ఈలోగా కార్పొరేటర్ల క్యాంపులు పక్క రాష్ట్రాలకూ, విదేశాలకూ తరలిపోయాయని అన్ని పత్రికలూ రాశాయి.

ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. ఓట్లు లెక్కపెట్టారు, ఫలితం ప్రకటించారు. నా ప్రశ్న వేరే. ఏ ఫైలు మీద జవాబు చెప్పలేక ఆ మేయర్ దిగిపోయారో విశాఖలో ఎవరినైనా అడిగి చూడండి. ఏ రోడ్డు, ఏ టెండరు, ఏ లెక్క? 2024 జూన్‌లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, కార్పొరేటర్లు అటు నుంచి ఇటు వచ్చారు, లెక్క సరిపోయింది. అంతకుముందు ప్రభుత్వం ఇంకోలా ఉన్నప్పుడు రాకపోకలు ఇంకో వైపుకు సాగాయి. తెలంగాణలో 2023 డిసెంబరులో ప్రభుత్వం మారగానే 2024 మొదటి నెలల్లో ఒక్కో మునిసిపాలిటీలో ఇదే వరసన అవిశ్వాసాలు వచ్చాయి. అక్కడ గడువు మూడేళ్లే. దాన్ని నాలుగేళ్లు చేయాలని 2022లో శాసనసభ బిల్లు ఆమోదిస్తే రాజ్‌భవన్ దగ్గర ఆగిపోయింది. మూడా నాలుగా అని కొట్టుకున్నారు తప్ప, ఆ మూడేళ్లూ నాలుగేళ్లూ కౌన్సిలర్లు ఏం అడిగారన్నది ఎవరూ అడగలేదు.

అవిశ్వాసం కుర్చీ మార్పిడి. దాన్ని జవాబుదారీతనం అనడం నాకు ఇష్టం ఉండదు. క్యాంపు బస్సు ఎక్కిన కౌన్సిలరును ఆ ముందు నెల బడ్జెట్ సమావేశంలో నేను చూసే ఉంటాను. కోట్ల బడ్జెట్టు ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఆయన మాట్లాడింది ఒక్కసారే, ‘ఏసీ పనిచేయట్లేదు’ అని.

కౌన్సిలర్లు తరచూ చెప్పే సాకు విప్. పార్టీ ఊరుకోదండీ, పదవి పోతుందండీ అంటారు. చట్టంలో విప్ గురించి ఉన్నదంతా చైర్మన్ ఎన్నిక, అవిశ్వాసం చుట్టూ తిరిగేదే. అక్కడ ధిక్కరిస్తే పదవి పోతుంది, నిజమే. బ్లీచింగ్ పౌడరు బిల్లు మీద ప్రశ్న వేసినందుకు పదవి పోయిన కౌన్సిలరును నేను చూడలేదు. పోయేది వేరే ఉంది. వార్డులో సిమెంటు రోడ్డు పోతుంది. వీధి దీపం మాడితే నెలల తరబడి రాదు. బావమరిది పేరు మీద చేసుకుంటున్న డ్రైనేజీ పని పోతుంది. కౌన్సిల్ సభ్యుడికి ఆ కౌన్సిల్ కాంట్రాక్టుల్లో వాటా ఉండకూడదని చట్టం గట్టిగానే చెప్పింది, అందుకే బావమరుదులు పుట్టారు. ఎన్నికల్లో లక్షలు పెట్టి, నెలకు వచ్చే గౌరవ వేతనంతో పెట్రోలు కూడా సరిపోని మనిషి ఏం చేస్తాడో చెప్పడానికి నేను కావాలా. నోరు ఎక్కడ మూతపడుతుందో వెతకాలంటే విప్ కాగితం దగ్గర కాదు, పనుల రిజిస్టరు దగ్గర వెతకాలి.

ఇప్పుడు నేను సిగ్గుపడే సంగతికి వస్తాను.

ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం 1965 నాటిది. అందులో సభ్యుల వ్యక్తిగత హక్కుల గురించి కొన్ని మాటలున్నాయి. మునిసిపల్ పనిలో నిర్లక్ష్యాన్ని, ఆస్తి దుబారాను ఏ సభ్యుడైనా ఎత్తి చూపవచ్చు. పరిపాలనకు సంబంధించిన విషయాల మీద చైర్మన్‌ను ప్రశ్నించవచ్చు. ముందుగా తెలియజేసి, ఆఫీసు వేళల్లో రికార్డులు చూడవచ్చు. చూడనివ్వకపోతే ఎందుకో చైర్మన్ రాతపూర్వకంగా చెప్పాలి. ఈ మాటలు పాత మద్రాసు చట్టం నుంచి మనకు దిగి వచ్చాయి. తెల్లవాళ్ల కాలంలోనే ఉన్న హక్కు ఇది. నాకు ఆ పేజీ కంఠతా వచ్చు. అన్నేళ్లలో ఒక్క కౌన్సిలరుకైనా నా అంతట నేను ఆ పేజీ తీసి చూపించానా? లేదు. చూపిస్తే పని పెరుగుతుంది, పైవాళ్లకు కోపం వస్తుంది, బదిలీ అవుతుంది. పిల్లల చదువులు, అద్దె ఇల్లు. ఏ ఉద్యోగి చెప్పే కారణాలైనా ఇవే.

ఒకావిడ మాత్రం ఆ పేజీ చూడకుండానే అందులో ఉన్నది అడిగింది.

రిజర్వేషన్లో వచ్చిన వార్డు. ఇంట్లో కుట్టు మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టుకునేది. నామినేషన్ వేసింది ఆవిడే అయినా తిరిగింది, మాట్లాడింది అంతా భర్తే. మొదటి ఏడాది సమావేశాలకు ఆయన కూడా వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చునేవాడు. మన కౌన్సిళ్లలో సగం సీట్లు మహిళలవి, వరండాలో సగం బెంచీలు మొగుళ్లవి. ఆవిడ వచ్చేది, సంతకం పెట్టేది, చివరి వరసలో కూర్చుని చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని వినేది. వినేదని మాకు తర్వాత తెలిసింది. అప్పుడు మేం కూర్చునేదనే అనుకున్నాం.

జూన్ నెల ఎజెండా అందిన మర్నాడు పదకొండింటికి ఆఫీసుకు వచ్చింది. నా బల్ల ముందు నిలబడి, “మేనేజర్ గారూ, వేసవిలో ట్యాంకర్లు తిప్పిన బిల్లు ఒకటి పెట్టారు కదండీ, ఆ కాగితాలు ఒకసారి చూస్తాను” అంది.

“చైర్మన్ గారిని అడగాలమ్మా” అన్నాను. నాలుక మీద సిద్ధంగా ఉండే జవాబు అది.

“నేను చూడకూడదని ఎక్కడైనా రాసుందాండీ?”

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. రాసుంటే వెళ్లిపోయేది. నేను ఒక్క క్షణం ఫ్యాను వైపు చూశాను. చూడవచ్చని రాసి ఉంది, నాకు తెలుసు, నా బల్ల సొరుగులోనే ఉంది ఆ పుస్తకం. ఏమనాలో తోచక, ఒక తెల్ల కాగితం ఇచ్చి, “చైర్మన్ గారి పేర ఒక అర్జీ రాసివ్వండమ్మా” అన్నాను. అక్కడే నిలబడి రాసింది. చైర్మన్ దాన్ని చూసి నవ్వి, చూసుకోమను, ఏం అర్థమవుతుందిలే అన్నట్టు తల ఊపారు. వద్దని రాతపూర్వకంగా ఇవ్వాల్సిన శ్రమ ఆయనకూ ఇష్టం లేదు.

ఫైలు ముందు పెట్టాను. బిల్లు, ఏఈ సర్టిఫికెట్టు ఆవిడ తిరగేసి పక్కన పెట్టేసింది. అడుగున దారంతో కుట్టిన ట్రిప్ షీట్ల కట్ట ఉంటుంది, దాన్ని తీసుకుంది. ఏ ట్యాంకరు, ఏ వార్డుకు, ఏ రోజు, ఎన్నింటికి వెళ్లిందీ ఉంటుంది, కింద వార్డులో నీళ్లు పట్టుకున్నవాళ్లెవరిదో ఒక సంతకం. సంచీలోంచి ఏప్రిల్, మే నెలల క్యాలెండరు కాగితాలు రెండు బయటకు తీసింది. పాల లెక్క రాసుకునే క్యాలెండరు. తేదీ గళ్లలో అర లీటరు, లీటరు అని ఉంది, కొన్ని గళ్లలో మూలగా నీలం పెన్నుతో ‘ట్యా’ అని ఉంది. ట్యాంకరు వచ్చిన రోజులవి. రెండు ట్రిప్పులొస్తే రెండు ‘ట్యా’లు. నీళ్ల కోసం ఆడవాళ్లు తన గుమ్మం ముందే కొట్టుకుంటుంటే, మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పడానికని రాసుకోవడం మొదలుపెట్టిందట. ఎవరి మీదో కేసు కట్టడానికి కాదు.

గంటన్నర కూర్చుంది. మధ్యలో టీ తెప్పిస్తే వద్దంది. ఆవిడ వార్డుకు రోజుకు నాలుగు ట్రిప్పులని కాగితం చెబుతోంది, క్యాలెండరులో రోజు విడిచి రోజు రెండే ఉన్నాయి. అంతవరకూ అయితే ఆవిడ మాటకూ ఏఈ మాటకూ పోటీ. లేచేముందు నన్ను పిలిచి రెండు షీట్లు పక్కపక్కన పెట్టింది. ఒకే తేదీ, ఒకే బండి నెంబరు, ఒకే సమయం, ఉదయం ఏడు గంటలు. ఒకటి ఊరికి ఈ చివరన ఆవిడ వార్డు, ఇంకోటి రైలుగేటు అవతల ఆ చివర వార్డు. “ఒకే బండి రెండు చోట్ల ఎట్టా ఉందండీ?” అని అడిగింది. నేను ఏం చెప్పను? ఆ ఫైలు నా చేతుల మీదుగానే ఎజెండాకు వెళ్లింది. ఆ కట్ట దారం విప్పి చూసిన మొదటి మనిషి ఆవిడే.

సమావేశంలో ఆ అంశం వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. క్లర్కు నెంబరు చదవగానే అలవాటు ప్రకారం రెండు మూడు గొంతులు “ఓకే ఓకే” అన్నాయి. ఆవిడ లేచి నిలబడింది. చైర్మన్ నవ్వుతూ “చెప్పు చెల్లెమ్మా” అన్నారు. రెండు షీట్ల సంగతి చెప్పింది. గొంతు వణికింది. “రాతలో చిన్న పొరపాటు పడి ఉంటుంది, ఏఈ చూసుకుంటాడులే, కూర్చో” అన్నారాయన. వరండాలోంచి భర్త కూడా కూర్చోమని చేత్తో సైగ చేస్తున్నాడు, కిటికీలోంచి నాకు కనిపిస్తోంది. కూర్చోలేదు. “పొరపాటైతే బిల్లు సరిచేసి వచ్చే నెల పెట్టండి చైర్మన్ గారూ” అంది. సొంత పార్టీ వాళ్లే “తర్వాతి అంశం, తర్వాతి అంశం” అని అరిచారు. ప్రతిపక్షం వాళ్లు ముగ్గురే ఉన్నారు, వాళ్లలో ఒకాయన పేరు ఆ ట్యాంకర్ల యజమానుల్లో ఉంది, ఆయన సెల్‌ఫోను చూసుకుంటున్నాడు.

అప్పుడు ఆవిడ చైర్మన్ వైపు కాకుండా నా వైపు తిరిగింది. “నాకు సమ్మతం కాదని రాయండి మేనేజర్ గారూ.”

నా ముందున్న కాగితంలో ఆ అంశానికి ఎదురుగా ముందురోజే టైపు చేసిన వాక్యం ఉంది. చైర్మన్ నన్ను చూస్తున్నారు. నేను పెన్ను తీసి ‘ఏకగ్రీవంగా’ అన్న మాట మీద గీత గీసి, పైన ‘మెజారిటీతో’ అని రాసి, పక్కన ఆవిడ వార్డు నెంబరు వేసి అసమ్మతి అని రాశాను. ముప్పై రెండేళ్లలో ఆ మాట కొట్టేసింది ఆ ఒక్కసారే. నా ధైర్యం అని చెప్పుకోను. ఒక సభ్యురాలు నోరు తెరిచి చెప్పాక రాయకపోతే అది దొంగ మినిట్సు అవుతుంది, ఆ భయం చైర్మన్ భయం కన్నా కాస్త ఎక్కువైంది, అంతే.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, నిజాయతీగా చెప్పాలి. ప్రశ్న కూడా అమ్ముడుపోతుంది. ఉదయం పదింటికి ప్రెస్ మీట్ పెట్టి ‘కోట్ల కుంభకోణం’ అని అరిచి, సాయంత్రానికి ప్రశ్న మింగేసిన కౌన్సిలర్లు నాకు తెలుసు. వాళ్ల భోజనం దాని మీదే. ‘ఆ వార్డు ఆయన లేచాడు, వెళ్లి మాట్లాడండి’ అని కాంట్రాక్టరును పంపించడం చైర్మన్లకూ అలవాటే. అందుకే నేను కేకలను నమ్మను, వాకౌట్లను అసలే నమ్మను. వాకౌట్ చేసిన ఐదు నిమిషాల్లో మిగతా ముప్పై అంశాలూ పాసైపోతాయి, చైర్మన్‌కు అంతకన్నా మేలు చేసేది ఇంకోటి లేదు. రాతపూర్వకంగా వేసిన ప్రశ్నను, మినిట్స్‌లో ఎక్కిన అసమ్మతిని మింగడం కష్టం. కాగితం మీద పడ్డది ఆడిట్ వాళ్ల కంట పడుతుంది. ఆ ఆడిట్ రిపోర్టులు మళ్లీ కౌన్సిల్ ముందుకే వస్తాయి. ‘చదివి నమోదు చేయడమైనది’ అని వాటికీ ఒక వాక్యం ఉంది మా దగ్గర. చదివిందెవరని అడగకండి.

ప్రశ్నించడం ప్రతిపక్షం పని అనుకుంటే మన ఊళ్ల గతి ఇంతే. 2021 మార్చి ఎన్నికల్లో ఆంధ్రలో 75 మునిసిపాలిటీలు, నగర పంచాయతీల్లో ఒక్క తాడిపత్రి తప్ప చైర్మన్ పీఠాలన్నీ ఒకే పార్టీకి దక్కాయి. కొన్నిచోట్ల ప్రతిపక్షం వేళ్ల మీద లెక్కపెట్టేంత, కొన్నిచోట్ల అదీ లేదు. అలాంటి కౌన్సిళ్ల ముందుకు ఆ ఏడాదే చెత్త పన్ను వచ్చింది, ఇంటి పన్ను అద్దె విలువ నుంచి మూలధన విలువకు మారింది. జనం నెత్తిన పడే రెండు నిర్ణయాలు. ఎన్ని కౌన్సిళ్లలో అధికార పార్టీ సభ్యుడు లేచి, మా వార్డులో రోజు కూలీ ఈ డబ్బు ఎలా కడతాడని అడిగాడు? చేతులు ఎత్తారు. 2024 చివర్లో చెత్త పన్ను పోయినప్పుడు ఆ రద్దునూ స్వాగతించారు, చాలాచోట్ల అవే చేతులు. జనం మాత్రం ఈ మధ్యలో మూడేళ్లు కట్టారు.

కౌన్సిలరు తక్కువవాడనుకునే వాళ్లకు చీరాల సంగతి గుర్తుచేయాలి. మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలలను మునిసిపాలిటీ చేసి పన్నులు ఎన్నో రెట్లు పెంచితే, కౌన్సిలర్లు రాజీనామాలు చేశారు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఊరు ఖాళీ చేసి, రామనగర్ అని పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. అప్పుడు ఓటున్నది కొద్దిమందికే. ఇప్పుడు ఓటు అందరికీ ఉంది.

అసలు కౌన్సిలే లేకపోతే ఇంకా హాయి అనుకునే అధికారులూ నాకు తెలుసు. విశాఖ పాలకవర్గం గడువు 2012 ఫిబ్రవరిలో ముగిసింది. మళ్లీ ఎన్నికలు 2021లో. తొమ్మిదేళ్లు, 17 లక్షలకు పైగా జనం, ఒక్క కార్పొరేటరు లేడు. మిగతా మునిసిపాలిటీల్లో చాలావరకు 2019 జూలై నుంచి 2021 మార్చి దాకా స్పెషల్ ఆఫీసర్ల కింద నడిచాయి. తెలంగాణలో 2025 జనవరిలో గడువు తీరిన పాలకవర్గాల స్థానంలోకి వెంటనే వచ్చింది వాళ్లే. గడువు ముగిసేలోపే ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగంలో 243యు అధికరణం చెబుతోంది. 2006లో అహ్మదాబాద్ నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే తిరిగి చెప్పింది. స్పెషల్ ఆఫీసరు పాలనలో నేనూ పనిచేశాను. తీర్మానం రాసేది ఆయనే, ఆమోదించేది ఆయనే. ఫైళ్లు చకచకా నడిచాయి, ఒప్పుకుంటాను. ఆ రోజుల్లో ఎవరూ ఏ కట్ట దారమూ విప్పలేదు.

నన్నడిగితే కొత్త చట్టాలేమీ అక్కర్లేదు. టేబుల్ ఎజెండా మీద డబ్బు ఖర్చయ్యే అంశం పెట్టకూడదు, పెడితే ఆ నెల చర్చకు రాకూడదు. ఎజెండా ఊళ్లోవాళ్లు మాట్లాడే తెలుగులో ఉండాలి, వార్డు ఆఫీసు గోడకు అంటించాలి. సభ్యుడి ప్రశ్నకు చైర్మన్ జవాబు కాగితం మీద రావాలి. ముందస్తు అనుమతి ఇచ్చిన ప్రతిసారీ ఏమిటి ఆ అత్యవసరమో ఒక్క వాక్యమైనా చైర్మన్ సొంతంగా రాయాలి, మాలాంటి వాళ్లు రాసిపెట్టింది కాదు. సమావేశం ఫోన్లో ప్రత్యక్షంగా చూపించడం ఇవాళ పెళ్లిళ్లకే జరుగుతోంది, కౌన్సిల్‌కు ఎందుకు కుదరదు? గెలిచిన కౌన్సిలర్లకు శిక్షణ అని రెండు రోజులు హోటల్లో కూర్చోబెట్టి పథకాల గురించి చెప్పి, సంచీ ఇచ్చి పంపుతారు. దాని బదులు ఒక పాత ట్యాంకరు ఫైలు ముందు పెట్టి, ఎక్కడ చూడాలో చూపిస్తే చాలు. అన్ని ఫైళ్లూ ఒకేలా ఉంటాయి. అసలు సంగతి ఎప్పుడూ అడుగున కుట్టిన కట్టలోనే ఉంటుంది.

చైర్మన్లంతా దొంగలని నేను అనను. మంచివాళ్ల దగ్గరా పనిచేశాను. ఎమ్మెల్యే గారి క్యాంపు ఆఫీసు నుంచి ఫోను వస్తే ఏం చేయాలో తోచక, తలుపు వేసుకుని కూర్చున్న చైర్మన్‌ను చూశాను. అలాంటి మనిషికి ‘కౌన్సిల్లో అడుగుతున్నారండీ, కుదరదు’ అని చెప్పుకోవడానికి ఒక్కరైనా లేచి అడిగేవాళ్లు ఉండొద్దా?

ట్యాంకరు బిల్లు మెజారిటీతో పాసైంది. కానీ అసమ్మతి కాగితం మీద ఉంది కాబట్టి కమిషనర్ గారు చెక్కు మీద సంతకం పెట్టకుండా ట్రిప్ షీట్లు మళ్లీ తనిఖీ చేయించారు. కొంత కోత పడింది. ఎంత పడిందో ఆవిడకు ఎవరూ చెప్పలేదు, నేనే చెప్పాను. ఆవిడ వార్డులో ఆ వర్షాకాలం అంతా మూడు వీధి దీపాలు వెలగలేదు. ఆగస్టు సమావేశంలో వాటి గురించీ అడిగింది. ఈసారి చైర్మన్ ‘చెల్లెమ్మా’ అనలేదు, ‘గౌరవ సభ్యురాలు’ అన్నారు. భర్త వరండాలోకి రావడం మానేశాడు. అలిగాడో, అవసరం లేదనుకున్నాడో తెలియదు. తర్వాతి ఎన్నికల్లో ఆ వార్డు రిజర్వేషన్ మారింది, ఆవిడ పోటీ చేయలేదు.

పదవీకాలం ముగిసే వారంలో ఆఫీసుకు వచ్చి ఆ జూన్ తీర్మానం నకలు కావాలని అడిగింది. రుసుము కట్టి, రశీదు తీసుకుని, నేను సంతకం పెట్టి ముద్ర వేసిచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో పెట్టుకుంది. ఎందుకమ్మా అని అడిగితే, “ఊరికేనండీ, ఉండనీండి” అంది. కిందటేడు బజార్లో మా ఆవిడకు కనిపించిందట. రేషను కార్డు, గ్యాసు పుస్తకం, ఇంటి పన్ను రశీదులు పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లో అది ఇప్పటికీ ఉందని చెప్పిందట.